గురువు అప్పగించిన పని

కూట్నీ సరస్సు గట్టున నొకటి, లారెన్షియన్ కొండలలో నొకటి: ఋషీకేశమున ఒక వైద్యసన్న్యాసి తన శిష్యులిద్దరికి ఇచ్చిన ఆజ్ఞలు కెనడా దేశమున రెండు ఆశ్రమములై నిలిచినవి. ఆ శిష్యులు తమ గురువును స్మరించిన తీరులో, ప్రవాసమున నున్న తెలుగువారము మన గురువులను స్మరింపవలసిన తీరు కూడ కలదు.

బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున నెల్సన్ పట్టణమునుండి బయలుదేరి బాల్ఫర్ రేవునకు చేరిన యాత్రికుడు, రుసుమేమియు పుచ్చుకొనక జనులను వాహనములను దాటించు పెద్ద పడవ నెక్కి, ఒక ప్రక్క సెల్కర్క్ పర్వతములును మరియొక ప్రక్క పర్సెల్ పర్వతములును కావలి కాయుచుండగా, నూరు కిలోమీటర్లకు పైబడిన పొడవుగల కూట్నీ సరస్సును అడ్డముగా దాటి, సుమారు 35 నిమిషములలో తూర్పుగట్టున దిగును. అచ్చటికి కొలదిదూరమున, దేవదారువృక్షముల నడుమ, యశోధరాశ్రమ మను పేర ఒక యోగస్థానము కలదు. అందు 1992లో నిర్మింపబడిన జ్యోతిర్మందిరము 2014లో అగ్నికి ఆహుతికాగా, ఆశ్రమవాసులు అదే స్థలమున, అరవిచ్చిన పుష్పమువలె ఎనిమిది రేకులుగా లేచిన నూతనమందిరమును కట్టించుకొని 2017లో తిరిగి తలుపులు తెరచిరి. భారతదేశమున జన్మింపని ఒక స్త్రీ, భారతీయ గురువొకని మాటను శిరసావహించి, ఈ మారుమూల కొండప్రాంతమున ఒక సంస్థను నెలకొల్పి, తన తరువాత కూడ అది నిలుచునట్లు చేసిన వృత్తాంతము మన తెలుగు పాఠకులకు అంతగా పరిచితము కాదు.

ఆమె పేరు స్వామి శివానంద రాధ. తన జీవితమును తీర్చిదిద్దిన మహాత్ములను గూర్చి ఆమె 1991లో ‘ఇన్ ది కంపెనీ ఆఫ్ ది వైజ్’ అను గ్రంథమును ప్రకటించెను. సజ్జనసాంగత్యమున గడచిన దినములను వార్ధక్యమున నెమరువేసికొనుట లోకమున క్రొత్త గాదు. అయినను ఆమె వ్రాతలను, ఆమె సతీర్థ్యుల స్మృతులను ఒకచోట నుంచుకొని చదివినపుడు నాకొక సత్యము స్ఫుటముగా గోచరించినది. గురువు శిష్యునకు ఇచ్చు వానిలో ఓదార్పు కంటె, మంత్రము కంటె కూడ చిరకాలము నిలుచునది ఆయన అప్పగించిన పని. ఆ పనిని గూర్చి చెప్పని గురుస్మృతి యెంత భక్తితో వ్రాసినను అసంపూర్ణమే.

గురువాజ్ఞకును కెనడా తీరమునకును గల సంబంధము నేటిది కాదు. 1893 ఫిబ్రవరి 13వ తేదీన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్యదేశ యాత్రాసంకల్పమును గూర్చి ఉపన్యసించిన వివేకానందస్వామి, ఆ మే నెల చివర బొంబాయిలో ఓడ నెక్కి, జపాను మీదుగా పసిఫిక్ మహాసముద్రమును దాటి, జూలై 25వ తేదీన వాంకూవర్ రేవున దిగెను. చికాగో సభను గూర్చి ఎరిగిన మనలో అనేకులకు, ఆయన ఆ ఖండమున మోపిన తొలి అడుగు కెనడా గడ్డపైననే అను సంగతి జ్ఞప్తికి రాదు. సముద్రముమీద నడచిపోవుచు శ్రీరామకృష్ణులు తన్ను వెంట రమ్మని పిలిచినట్లు స్వప్నమున గాంచి, శారదామాత ఆశీర్లేఖను పొందిన పిమ్మటనే ఆయన ప్రయాణమునకు నిశ్చయించుకొనెనని జీవితచరిత్రకారులు చెప్పుదురు. శరీరము విడిచి ఏడేండ్లయిన గురువు అప్పగించిన పని అది.

మాంట్రియాల్‌నుండి ఋషీకేశమునకు

1911లో బెర్లిన్ నగరమున జన్మించి, యౌవనమున నర్తకిగా వేదికలపై మెప్పు గాంచిన సిల్వియా హెల్మన్ (ఇది రాధామాత పూర్వాశ్రమనామము), హిట్లరు కాలపు ఘోరములను యుద్ధమును కన్నులార చూచి, రెండుమార్లు వైధవ్యమును అనుభవించి, బంధువర్గమనునది లేక, 1951లో కెనడాకు వలస వచ్చి మాంట్రియాల్‌లో స్థిరపడినది. ఇంత నష్టమును భరించి బ్రదికియుండుటకు అర్థమేమి అను ప్రశ్న ఆమెను వెన్నాడినది. ఒకనాడు ధ్యానమున నుండగా భారతీయుడొకని ముఖము తనకు గోచరించినదనియు, తరువాత ఋషీకేశమునందలి శివానందస్వామి ఛాయాచిత్రమును చూచి ఆ ముఖమిదియే యని గుర్తించితిననియు ఆమె చెప్పుకొనెను. దర్శనమునందు విశ్వాసము గలవారు విశ్వసింతురు, లేనివారు మానుదురు. ఇరువురును ఒప్పుకొనవలసిన విషయ మొకటి కలదు: ఆమె ఆ స్వామికి ఉత్తరము వ్రాసినది, ఆయన రమ్మనెను, ఆమె 1955లో ఋషీకేశమునకు పోయినది.

గంగాతీరమున ఆమె గడపినది కొన్ని మాసములే. ఆ దినములలో ఆమె వ్రాసికొన్న దినచర్య తరువాత ‘రాధ: డైరీ ఆఫ్ ఎ ఉమన్స్ సెర్చ్’ అను పేర గ్రంథమై 1981లో వెలువడినది. అందు భక్తితోపాటు సందేహములును కలవు. ఐరోపాలో పెరిగిన స్వతంత్రబుద్ధి గల స్త్రీకి ఆశ్రమజీవితమున తోచిన ప్రశ్నలను ఆమె మరుగుపరచలేదు. గురువును ప్రశ్నించుట గురుద్రోహమని భావింపలేదు. శివానందులును ఆమెను ప్రశ్నింపవలదని వారింపలేదు. నర్తకి యగు ఆమెను నృత్యము విడువుమనక, భారతీయ నృత్యము నభ్యసించి దానిని ఉపాసనగా మార్చుకొమ్మనిరి. మనిషి తెచ్చిన ద్రవ్యమును పారవేయింపక, దానితోనే నైవేద్యము సిద్ధపరపించుట ఆ గురువు పద్ధతి.

1956 ఫిబ్రవరి 2వ తేదీన ఆయన ఆమెకు సన్న్యాసదీక్ష నొసగిరి. పాశ్చాత్యస్త్రీలకు కాషాయమిచ్చుట మిక్కిలి అరుదైన కాలమది. అంతకంటె కఠినమైనది దీక్షానంతరము వచ్చిన ఆజ్ఞ. ఋషీకేశముననే శేషజీవితము గడపవలెనని ఏ సాధకునకైన తోచుట సహజము. గురువు మాత్రము కెనడాకు మరలిపొమ్మనియు, అచ్చట ఆశ్రమము స్థాపింపుమనియు, జీతమునకై ఉద్యోగము చేయక దైవముపై భారము వేసి జీవింపుమనియు చెప్పిరి. చేతిలో ధనము లేదు, ఒడలిపై కాషాయవస్త్రము కలదు, చూచువారి కన్నులలో ఆశ్చర్యమో అనుమానమో కలదు. 1950వ దశకపు కెనడాలో ఆ వేషముతో ఒక స్త్రీ వీధిలో నడచుటయే ఒక సాహసము. అయినను 1957లో వాంకూవర్ ప్రక్కనున్న బర్నబీలో ఆమె చిన్న ఆశ్రమమును ప్రారంభించినది. 1963లో దానిని కూట్నీ సరస్సు గట్టునకు తరలించినది. ఆ యేడాదియే, జూలై 14వ తేదీన, శివానందస్వామి ఋషీకేశమున మహాసమాధి చెందిరి. ఆమె అటుపై 32 సంవత్సరములు బ్రదికి, 1995 నవంబరు 30వ తేదీన కన్నుమూయువరకు ఆ పనిలోనే యుండెను.

వైద్యుడు, అటుపై గురువు

ఇట్టి ఆజ్ఞ నిచ్చిన వాడెవ్వడో తెలిసికొన్నగాని ఆజ్ఞలోని బలము బోధపడదు. 1887 సెప్టెంబరు 8వ తేదీన తిరునెల్వేలి సీమలోని పత్తమడై గ్రామమున, అప్పయ్య దీక్షితుల వంశమున జన్మించిన కుప్పుస్వామి, వైద్యవిద్య నభ్యసించుచునే ‘అంబ్రోసియా’ అను ఆరోగ్యపత్రికను నడపి, 1913లో మలయా దేశమునకు పోయి, రబ్బరు తోటలలోని కూలీలకు పదేండ్లు వైద్యము చేసెను. అనగా ఆయన కూడ కొంతకాలము మనవలె ప్రవాసియే. 1923లో సర్వమును విడిచి స్వదేశమునకు వచ్చి, 1924 జూన్ 1వ తేదీన ఋషీకేశమున సన్న్యసించి, కఠోరతపస్సు చేయుచును రోగులను విడువలేదు. 1927లో బీమా సొమ్ముతో లక్ష్మణఝూలా కడ ధర్మవైద్యశాలను తెరచెను. 1936లో దివ్యజీవనసంఘమును, 1948లో యోగవేదాంత అరణ్యవిద్యాపీఠమును స్థాపించెను.

వైద్యుడు రోగికి పథ్యమును వ్రాసి యిచ్చినట్లు ఆయన సాధకులకు దినచర్యాపత్రమును ఇచ్చెడివారు. ఎన్ని గంటలకు లేచితివి, ఎన్ని మాలల జపము చేసితివి, ఎన్ని అబద్ధము లాడితివి, ఎంతసేపు నిష్కామసేవ చేసితివి అని ప్రతిదినమును ఎవరికి వారు జవాబు వ్రాసికొనవలయును. మంత్రమును పలుకుటయే చాలదు, పుస్తకములో వ్రాయవలెననుచు లిఖితజపమును ప్రోత్సహించిరి. సేవ, ప్రేమ, దానము, చిత్తశుద్ధి, ధ్యానము, సాక్షాత్కారము అని ఆయన చెప్పిన క్రమములో సేవ మొదట నుండుటయు, సాక్షాత్కారము చివర నుండుటయు గమనింపదగినవి. ముందు పని, ఆ పిమ్మట ఫలము. రాధామాత జీవితాంతము తన శిష్యులచేత దినచర్య వ్రాయించినదనగా, ఆ వైద్యుని చేతివ్రాత కూట్నీ గట్టునకు చేరినదని యర్థము.

చెత్తబుట్టలో దొరికిన కాగితము

కెనడాలో ఆ గురువునకు మరియొక శిష్యుడు కలడు. 1927లో కేరళమున జన్మించి, బాల్యము దాటిన వెంటనే సైన్యమున చేరిన ఆ యువకుడు, పోయిన కాగితమొకటి వెదకుచు చెత్తబుట్టలో చేయిపెట్టగా, శివానందులు వ్రాసిన సాధనాతత్త్వ మను కరపత్రము దొరకినదట. సిద్ధాంతములు మోసికొని తిరుగుటకంటె కొంచెమైన ఆచరణ మేలను ఆ బోధ యతని మనస్సును పట్టుకొనగా, సెలవు దొరకగానే ఋషీకేశమునకు పోయెను. ఎవ్వరి కాళ్లకును మ్రొక్కనను అభిమానముతో నతడు నిలిచియుండగా, శివానందస్వామియే ముందుగా వంగి అతని పాదములకు నమస్కరించిరి. గంగాహారతి జరుగుచున్నవేళ, ఇది వట్టి నీరే గదా, చదువుకొన్నవారు నీటిని పూజించుటేమి అని అతడు లోలోన తలపగా, స్వామి ఒకమారు అతని వైపు చూచి చిరునవ్వు నవ్విరట. ఆ చూపుతో తన సందేహము తీరినదని, తరువాత విష్ణుదేవానందస్వామి యైన ఆ యువకుడు కడవరకు చెప్పుచుండెడివారు.

ఆయనకును వచ్చినది ఆజ్ఞయే. పాశ్చాత్యదేశములకు పొమ్ము, అచ్చట జనులు ఎదురు చూచుచున్నారని గురువు పంపగా, 1957లో అమెరికా చేరి, 1959లో మాంట్రియాల్‌లో యోగవేదాంతకేంద్రమును స్థాపించి, అటుపై క్విబెక్ రాష్ట్రపు లారెన్షియన్ కొండలలో వాల్ మోరిన్ గ్రామము కడ ఆశ్రమమును నెలకొల్పిరి. 1969లో యోగోపాధ్యాయులకు శిక్షణ నిచ్చు పద్ధతిని ప్రారంభించి, వేలమందిని తయారు చేసి లోకము నలుమూలలకు పంపిరి. 1971లో రంగులు వేసిన చిన్న విమానమును నడుపుకొనుచు, అంతఃకలహముతో మండుచున్న బెల్ఫాస్టు నగరమునకు శాంతిసందేశముతో పోయిరి. 1983లో బెర్లిన్ గోడపై ఎగిరి ఆవలి భాగమున దిగిరి. గోడలు, సరిహద్దులు మనుష్యుని మనస్సులోనే కట్టబడినవని నిరూపింప ఆయన ఎంచుకొన్న మార్గమది.

ఈ యిద్దరు శిష్యుల స్వభావములు వేరు. ఆమె ఆత్మపరీక్షకును, స్వప్నములకును, దినచర్యకును ప్రాధాన్యమిచ్చెను. ఆయన ఆసనప్రాణాయామములకును, శిక్షణకును, లోకసంచారమునకును ప్రాధాన్యమిచ్చిరి. ఒక్క గురువు ఇద్దరిని ఒక్క అచ్చున పోయలేదు. ఎవరు దేనికి తగుదురో వారికి దానినే అప్పగించుట ఆయన గురుత్వము. కనుకనే కెనడా పడమటి కొసనొకటి, తూర్పు భాగమున నొకటి, పోలికలేని రెండు ఆశ్రమములు ఒక్క మూలమునుండి వెలసినవి.

ఇద్దరు స్త్రీలు, రెండు లేఖినులు

రాధామాత దినచర్యను చదువునపుడెల్ల నాకు మన సూరి నాగమ్మగారు జ్ఞప్తికి వత్తురు. గుంటూరు మండలమున కొలనుకొండలో జన్మించి, బాల్యముననే వైధవ్యము ప్రాప్తింపగా, పాఠశాల మెట్లెక్కకయే ఇంటికడ భాగవతాదులను చదివికొని, అంతరంగమున గురువుకొఱకు తపించి, 1941లో అరుణాచలమున రమణమహర్షి సన్నిధికి చేరిన ఆ తెలుగు మహిళ, 1945 మొదలు 1950 వరకు, తన అన్నగారగు డి. యస్. శాస్త్రిగారికి ఉత్తరములు వ్రాసినది. అవియే శ్రీ రమణాశ్రమ లేఖలు. అందు సిద్ధాంతముల ఆర్భాటము లేదు. నేడు హాలులో ఎవరు వచ్చిరి, ఏమడిగిరి, భగవాను లేమనిరి, ఆవు లక్ష్మి ఎట్లు వచ్చినది, ఉడుతలకు గింజలెట్లు పెట్టిరి — ఇవియే విశేషములు. ఆ చిన్నచిన్న సంగతులలోనుండి, పెద్ద వ్యాఖ్యానగ్రంథములలో దొరకని మహర్షి మనకు దర్శనమిచ్చును.

ఒకతె బెర్లిన్ నర్తకి, ఒకతె పల్లెటూరి బాలవితంతువు. ఒకతె ఋషీకేశమున దినచర్య వ్రాసికొన్నది. ఒకతె అంతకు పది సంవత్సరముల ముందు అరుణాచలమున జాబులు వ్రాయ మొదలిడినది. దుఃఖము ఇద్దరిని గురువు కడకు చేర్చినది. అచ్చట ఇద్దరికిని దొరకినది దుఃఖోపశమనము మాత్రమే యైనచో, వారు నిశ్శబ్దముగా గడపియుందురు, మనకేమియు దక్కియుండదు. చూచినదానిని చూచినట్లు వ్రాయుట తమ పని యని ఇద్దరును గ్రహించిరి. నాగమ్మగారికి ఆ ప్రేరణ అన్నగారి కోరికవలన కలిగినది. తరువాత ఆ జాబులను భగవానుల సన్నిధిలో చదువుటయు జరిగినది. సన్నిధిలో కూర్చున్నవారు వేలమంది. చేత కలము పట్టినవారు కొందరే. ఆ కొందరి ఋణము మనము తీర్పలేనిది.

గురువు నడిపిన బ్రదుకు శిష్యుని వ్రాతలేక మాసిపోవుట మన దేశమున తరచు జరిగిన నష్టము. త్యాగరాజస్వామి విషయమే చూడుడు. వాలాజపేట వేంకటరమణ భాగవతులును, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులును తమ గురువుగారి కృతులను, జీవితవిశేషములను వ్రాసియుంచనిచో, ఆ మహావాగ్గేయకారుని గూర్చి మనమెరిగినది ఎంత తగ్గిపోయియుండెడిదో! మధుర సౌరాష్ట్రసభలో భద్రమైన ఆ వ్రాతప్రతులు గురుభక్తికి నిలువెత్తు సాక్ష్యములు. తెలుగు కీర్తనలను సౌరాష్ట్రభాషీయులగు శిష్యులు కాపాడి యిచ్చిరనుట మనము ఎన్నడును మరువరానిది.

శిష్యులు వలదన్న మదనపల్లె బిడ్డ

గురుస్మృతిని గూర్చి మాటలాడునపుడు, గురుత్వమునే నిరాకరించిన తెలుగుబిడ్డను విడిచిపోవుట న్యాయము కాదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తన్ను జగద్గురువుగా నిలుపుటకై యేర్పడిన తారాసంఘమును 1929 ఆగస్టు 3వ తేదీన హాలండు దేశమున ఓమెన్ శిబిరమున స్వయముగా రద్దుచేసి, సత్యమునకు బాటలు వేయుట యెవ్వరికిని సాధ్యము కాదని ప్రకటించెను. ఆయన బోధను అనుసరించి వాంకూవర్ ద్వీపమున, విక్టోరియా నగర సమీపమునగల మెచోసిన్ కడ ఒక విద్యాకేంద్రము వెలసినది. పరాధీనబుద్ధితో గురువు నాశ్రయించువాడు తన కన్నులను తానే మూసికొనునని ఆయన చేసిన హెచ్చరికను మనము తేలికగా త్రోసిపుచ్చరాదు. గురువు పేర జరిగిన మోసములను లోకము చూచుచునే యున్నది.

అయితే రాధామాత జీవితమును ఆ హెచ్చరిక ప్రక్కన నుంచి చూడుడు. ఆమె తన బుద్ధిని గురువునకు తాకట్టు పెట్టలేదు. ప్రశ్నలను దినచర్యలో వ్రాసికొన్నది. గురువు సన్నిధిలో కొన్ని మాసములే యుండి, సముద్రములకీవల ఏడు సంవత్సరములు ఆయన జీవించియుండగను, మూడు దశాబ్దములు ఆయన లేకుండగను, తన నిర్ణయములను తానే చేసికొన్నది. శిష్యుని తన చుట్టు త్రిప్పుకొను గురువును అనుమానింపవలసినదే. శిష్యునకు పని యప్పగించి దూరమునకు పంపు గురువు, ఆ శిష్యుని స్వతంత్రుని చేయుచున్నాడు. కృష్ణమూర్తి ఖండించిన పరాధీనత యొకటి, శివానందులు కోరిన విధేయత వేరొకటి అని నేను గట్టిగా విశ్వసింతును.

మన యిండ్లలోని గురువులు

నన్ను తీర్చిన గురువు పేరుపొందినవాడు కాడు. గోదావరి మండలమున మా పల్లెలో పదవీవిరమణ చేసిన పండితుడాయన. వేదాంతము నేర్పుమని నేనర్థింపగా, ఆయన వేదాంతము మాటయెత్తక, ఊరి చివర చూపు పోయిన వృద్ధుడొకడు గలడనియు, ప్రతిసాయంకాలము పోయి ఆతనికి పోతన భాగవతము చదివి వినిపింపుమనియు చెప్పిరి. తాతా, ఎంతవరకు చదువుదును అని ఆ వృద్ధు నడిగినచో, నీ గొంతు అలసినవరకు చదువు నాయనా అనెడివాడు. పద్యమును విరుపు తప్పక చదువుట, అర్థము తెలియనిచోట సిగ్గుపడక ఆగి అడుగుట, ఎదుటివాని యానందమునకై నా కాలమును వెచ్చించుట ఆ యరుగుమీదనే నాకలవడినవి. పండితుడు నాకు చేసిన ఉపదేశమెల్ల అదియే. నేడు టొరంటో నగరపు శీతకాలమున, వృద్ధాశ్రమమున నున్న మన తెలుగు పెద్దలకు పుస్తకము చదివి వినిపింప పోవునపుడు, ఆయన యాజ్ఞ యింకను అమలులోనే యున్నదని నాకు తెలియును.

ఈ దేశమున నున్న ప్రతి తెలుగు కుటుంబమునను ఇట్టి పెద్దలు కలరు. మనుమలను చూడవచ్చిన తల్లిదండ్రులు, ఇచ్చటనే వృద్ధులైన తొలితరమువారు, మాస్టరుగారనియో, బాబుగారనియో, అవధూతయనియో, అమ్మయనియో ఒక మహనీయుని మనస్సులో నిలుపుకొన్నవారే. వారి పూజాగదులలో ఆ పటములు కలవు. గురుపౌర్ణమినాడు ఆ పటములకు పూలమాలలు పడును, ప్రసాదములు పంచబడును. పిల్లలు నమస్కరింతురు, ఎవరికి నమస్కరించితిమో ఎరుగక వెడలిపోవుదురు. పటము చెప్పలేనిది తాతగారే చెప్పవలయును, అమ్మమ్మగారే చెప్పవలయును. వారు చెప్పకున్నచో ఆ సంబంధము వారితోనే తెగిపోవును. మహిమలను గూర్చి మాత్రమే చెప్పినచో, ఈ దేశపు బడులలో చదివిన బాలుడు వాదించునో, నవ్వి యూరకుండునో. ఆయన నాకు ఈ పని చెప్పెను, నేను ఇట్లు చేసితిని, నా బ్రదుకు ఇట్లు మారినది అని చెప్పినచో, ఏ బాలుడును దానిని త్రోసివేయలేడు.

కావున పెద్దలకు నా ప్రార్థన యిది. ఒక నోటుపుస్తకమును తీసికొని, తెలుగుననే, మీ గురువును గూర్చి వ్రాయుడు. ఆయనను మొదట ఎక్కడ చూచితిరి, ఆయన నిత్యము ఏమి చేయుచుండెడివారు, మీకేమి చెప్పిరి, అందులో మీరు దేనిని ఒప్పుకొనలేకపోతిరి, దేనిని నేటికిని చేయుచున్నారు — ఇవి వ్రాసిన చాలును. కలము పట్టలేనిచో మీరు చెప్పుచుండగా మనుమలచేత వ్రాయింపుడు. సెల్‌ఫోనులో మాటలను భద్రపరపింపుడు. పిల్లలకు తెలుగు నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము దొరకదు. చివర ఒక్క పుటను ఖాళీగా నుంచి, మీ గురువు మీకప్పగించిన దానిలో మిగిలియున్న పని యేదో దానిపై వ్రాసి, ఇంటిలో ఎవరు దానిని చేపట్టగలరో వారి చేతికిండు. గురుఋణము తీరునది కాదని పెద్దలనిరి. తీరకున్నను, చేతులు మారుచు ముందునకు సాగవచ్చును. సాగునంతవరకు ఆ గురువు మన నడుమ నుండి పని చేయించుచునే యుండును.